తీగ మీద జర్మనీ జెండాలు

ఏంది హర్షిణీ, గడపల కూసోని రంగులేస్తున్నవ్? నేపాల్ జెండానా? నాకెట్ల ఎరుకంటవా? ఓసి నీ! ఐదు మూలలుంటే నేపాలే కదనే. నీకు మీ టీచరమ్మ చెప్పిందేమో, మా బొగ్గుబాయి కాలనీకంత వామనరావు సారు చెప్పిండు. మంథని నుంచొచ్చిన బడిపంతులు. సన్నగ, తెల్లంగి, సైకిలు. గిప్పుడు లేడులే, పోయి ఎన్నేండ్లాయెనో. తొవ్వల పిల్లగాండ్లు కనవడ్తె సైకిలాపి, "ఏ దేశం జెండాకు ఐదు మూలలురా? చెప్తే పిప్పర్‌మెంటు, చెప్పకపోతే గుంజీలు" అనేటోడు. మీ నాయన గప్పుడు మూడో తరగతి. తెల్లన్నం నడుమ టమాట ముక్క పెట్టి "అవ్వా, జపాన్" అనేటోడు, తినమంటే తినకపోయేటోడు. నవ్వకు, నిజమే.

గా సారుకు ఒక్కటే పిచ్చి. బుక్కుల బొమ్మ చూపిస్తె పిల్లలకు ఎక్కదట, చేత్తోని చెయ్యాలెనట. ఒకపారి వానకాలంల జర్మనీ జెండాలు చేపిచ్చిండు. నలుపు, ఎరుపు, పసుపు. పాత ధోతి చింపి, ఎరుపుకు కుంకుమ, పసుపుకు ఇంట్ల పసుపే, ఇగ నలుపుకు మనకేం కరువు? బొగ్గు నూరి తుమ్మబంకల కలిపిన్రు. ఆరనీకి బడి కంచెకు కట్టి పోయిన్రు. బడి కంచె, బొగ్గుబాయి గేటు పక్కపక్కనేనాయె. తెల్లారి వాన దంచింది. కుంకుమ, పసుపు కొట్టుకపోయినయ్, బొగ్గు కారి గుడ్డలన్ని నల్లగైనయ్. బాయిల ఎవలన్న సచ్చిపోతే యూనియనోళ్లు గేటు కాడ నల్ల జెండా కడ్తరని ఈడ పాలు తాగే పోరనికి గూడ ఎరుకే, మంథనాయనకేం ఎరుక? నేను నీళ్లకు పోతూ చూసిన. ఒక్కటి గాదు, కంచె తీగ నిండ! మీ తాత మొదటి షిఫ్టుల లోపలున్నడు. బిందె ఆడనే పారేసి ఉరికిన, గేటు పట్టుకొని శోకం పెట్టిన. మీ తాత షిఫ్టు దిగి పైకచ్చి, మొకమంత బొగ్గే, "ఎవలు పోయిన్రే?" అంటడు! "నువ్వే" అన్న. కాలనీ మొత్తం నవ్విందే. "ఐలవ్వ మొగడు జర్మనీల పోయిండు" అని ఎక్కడ కనవడ్తె ఆడ ఎక్కిరిచ్చుడు. సారు ఒక్కడే నవ్వలే. పొద్దూకి ఇంటికచ్చి, "తప్పయింది తల్లీ, ఇక్కడి పద్ధతి నాకు తెలియదు" అని చేతులు జోడిచ్చిండు. నాకైతే కోపం దిగలే. "నీ జెండాలు నువ్వే పట్టుకపో సారూ" అన్న.

జెండాలు మానిండా అంటే, మానలే. మళ్ల ఏదో దేశం, మళ్ల అదే తీగ. మర్సటేడు ఒకనాడు పక్కింటి రమ వచ్చి, "అక్కా, గేటు కాడ నల్ల జెండా కట్టిన్రటనే" అన్నది. నేను రొట్టెలు కొడ్తున్న. "ఆ, సారు పిల్లగాండ్లదే అయితది, పో" అన్న. మళ్ల ఉరికి మళ్ల నవ్వులపాలు గావాల్నా? ఇంకో రొట్టె కొట్టి పెనం మీదేసిన. గంతల సారే అచ్చిండు. సైకిల్లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. గడప అవతల్నే నిలవడి, "తల్లీ, ఈసారి మా పిల్లలది కాదు" అన్నడు.

డ్యూటీలనే మీ తాత గుండె ఆగిందట.

...ఆ నల్ల రంగు వాడుతలేవు గద, మూత పెట్టు బిడ్డా. ఎండిపోతది.