వానలకి దాచిపెట్టిన గోడ

ఉండు సునీలూ, ఆ మేకు కొట్టొద్దు. నీ ఫ్లెక్సీ బయట గేటు కాడ కట్టుకో, నా హోటలు లోపలి గోడ జోలికి మాత్రం పోవద్దు. ఎందుకంటావా? కూసో, కాఫీ తాగతా విను. అది షఫీవుల్లా రాసిన గోడప్పా. నువ్వెరగవులే, అప్పుడు నువ్వు నిక్కరేసుకుని తిరగతా ఉంటివి. చిత్తూరులో అప్పుడు ఈ కంప్యూటరు బొమ్మలు యాడివి? అంగడి పేరన్నా, లారీ వెనకాల రాతన్నా, ఎలక్షన్ల గోడన్నా అంతా కుంచె పనే. పెయింటర్లు శానామంది ఉండిరి గానీ షఫీ చెయ్యి తిరిగినోడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా నిండా రంగులు, భుజాన నిచ్చెన. ఆ నిచ్చెనతో నా లైటు ఒకసారి పగలగొట్టినాడు, ఆ కత యిప్పుడొద్దులే.

ఆ పనికి ఎండాకాలమే కాలం. దీపావళి దాటి ముసురు పట్టిందంటే గోడ ఆరదు, రంగు నిలవదు. మిగతా పెయింటర్లంతా పెండ్లాం బిడ్డల్ని తోలుకుని బెంగుళూరు పోయి సున్నాలు కొట్టుకుంటా ఉండిరి. షఫీ పోడు. ఎట్లంటే, ఎండల్లో బయట గోడలే రాస్తాడు, లోపలి పని ఎవురు చెప్పినా చెయ్యడు. ఈ గోడ మీద టిఫిన్ల పేర్లు, రేట్లు రాయమని నేనూ అడిగినా. "వానల్లో రాస్తాలే చెంగయ్యన్నా" అన్నాడు. ఏమి పొగరప్పా నీకు అని తిట్టినా. నవ్వతా, "డబ్బు దాచిపెడితే ఏదో ఒక ఖర్చొచ్చి తినేస్తాదన్నా. పని దాచిపెడితే అట్లనే ఉంటాది" అన్నాడు. బజారంతా ఆయప్పను తిట్టేదే. గుడ్డలంగడి రాజారత్నం అయితే, వాడు పెయింటరు కాదప్పా, వానల కలెక్టరు అని ఎగతాళి చేస్తా ఉండె.

తొంభై ఆరో, ఏడో, ఆ ఏడు కల్యాణమండపం పని దాచుకున్నాడు. లోపలంతా పూలు, లతలు రాసేది, వానలన్నీ దాంతోనే గడిచిపోయే పని. ఆ ఓనరు ఓపిక పట్టలేక మదరాసు నుంచి ఎవురినో పిలిపించి దసరాకే రాయించేసినాడు. ముసురు దిగింది. షఫీ చేతిలో పని లేదు. దినమూ వచ్చి ఆ మూల ఈ గోడకి వీపు పెట్టి కూసుని, టీ తాగతా వాన సూసేది. ఒకనాడు మెల్లిగా చెప్పినాడు, బెంగుళూరు పోతాము, పెండ్లాం వహీదున్నీసా సామాను కడతా ఉండాది అని. వాళ్ల పాప షగుఫ్తా టెన్తు చదవతా ఉండె, క్లాసులో అందరికన్నా ముందుండే పిల్ల. పాప చదువో అంటే, "నిలిపేయాల్సిందేనన్నా" అని తల దించుకున్నాడు. 

"మరి నా గోడ సంగతేమప్పా?" అన్నా.

"ఇంకా రాయించుకోలేదా అన్నా?" అన్నాడు బిత్తరపోయి, వెనక్కి తిరిగి గోడ సూసి. సూడు ఆ పిచ్చితనం. మండపం ఓనరు చేసిన పనికి, బజారంతా అట్లనే వేరేవాళ్లతో రాయించుకునుంటారని మనసులో పెట్టేసుకున్నాడు. పోయి అడిగేదానికి సిగ్గు. పక్క బల్ల కాడ రాజారత్నం దోసె తింటా ఉండె. తలెత్తకుండానే, "ఎండాకాలం నుంచీ అంగడి లోపలి గోడ తెల్లగా పెట్టుకుని ఎవురి కోసం కాసుకోనుండానప్పా? ముందు నాది రాసినాకనే ఈ హోటలు" అన్నాడు. అట్లనే పళ్ల డాక్టరమ్మ, ఇస్కూలోళ్లు, అందరూ గోడలు ఖాళీగానే పెట్టుకోనుండిరి. తిట్టినోళ్లే అందరూ, ఇంకొకర్ని పిలిచినోడు లేడు.

ఆయప్ప కండ్లు తుడుసుకుని లేచి, గొడుగు నా కాడే మరిసిపోయి వానలో పరిగెత్తినాడు, కట్టిన మూటలు ఇప్పమని చెప్పేదానికి.  షగుఫ్తా యిప్పుడు పలమనేరులో టీచరమ్మ. నీ ఫ్లెక్సీలు రాకముందే షఫీ కన్నుమూసినాడు, కుంచె పని పోయేది సూడలేదు, అదొక నెమ్మది నాకు.

అవును, గోడ మీద ఇడ్లీ రూపాయిన్నరనే ఉండాది, అప్పటి రేటు. ఆ రేటుకే ఇమ్మని తిన్నోళ్లు ఎగతాళి చేస్తారు, చెయ్యనీ. అదిగో, చినుకులు. నీ ఫ్లెక్సీకి వానైతేనేమి, ఎండైతేనేమి. మాకు వానొస్తే షఫీ వచ్చేవాడు. ఊఁ. తాగు తాగు, కాఫీ చల్లారిపోతా ఉండాది.