పైడమ్మ సీసం పొయ్యి

పైడమ్మ అనీ ఒక మనిషి, మన వాడలోనే, దక్షిణం కొసనున్న ఎల్లాజీ పెళ్ళాం. మొగుడు సముద్రం మీద ఏటకెల్లీవోడు, ఇది ఇంటికాడ గాలాలు సేసీది. ఎలాంటి గాలాలనుకున్నారు! సీసం గుండు తలకాయ, దానికి కొక్కెం, తలకాయకి రంగు, రంగు మీద సిన్న కన్ను. నీళ్ళల్లో ఏస్తే బతికున్న సేపపిల్ల ఈదినట్టే ఉండీదంట. ఆ పని దానికి ఎవలూ నేర్పలేదు. ఏటయిందంటే, ఒకపాలి ఎల్లాజీ తెచ్చిన కోనాం సేప దౌడలో ఎవలిదో తెగిపోయిన గాలం దొరికింది. ఎర్ర తలకాయ, తెల్ల మెడ, గోరెట్టి గీకినా రంగు లెగదు. పైడమ్మ దాన్ని మూడు రోజులు సూసింది. తిప్పి సూసింది, కొరికి సూసింది, సెగ మీద పెట్టి సూసింది. అప్పుడు తెలిసింది, ఇది కుంచెతో పూసిన రంగు కాదర్రా, కరిగి అతుక్కున్న రంగు అనీసి. ఇంకేటి, ఊరుకుంటదా? టౌన్లో ఇనప గేట్లకి పొడి రంగు కొట్టే షెడ్డు ఉంది గదా, అక్కడికెల్లి నేల మీద రాలిన పొడి అడుక్కుని డబ్బాలకెత్తుకొచ్చింది. పాత బ్యాటరీల సీసం తెచ్చి, వంటపొయ్యి మీదే మూకుట్లో కరిగించి, మట్టి అచ్చులో కొక్కెం ఇరికించి పోసీది. సల్లారినాక ఆ తలకాయని సెగ మీద తిప్పి, వేడెక్కగానే పొడిలో ఇలా ముంచి అలా తీసీయాల. అక్కడే ఉంది సేతి పనంతా. రెప్పపాటు ఎక్కువుంచితే రంగు ముద్ద కట్టీస్తది, తక్కువుంచితే మచ్చలు పడతాయి. సరిగ్గా తీసినావంటే పొడి కరిగి గాజులాగ మెరుస్తది. ఆనక తీగకి ఏలాడదీసి, రేకు డబ్బాలో పెట్టి మళ్ళీ కాల్చీది. రాయికేసి కొట్టినా రంగు రాలీది కాదు. నాను కొట్టి సూసినాను, అందుకే సెప్తన్నాను.

వాడంతా పైడమ్మ గాలాలే. టౌను షాపులోళ్ళు గూడా వొచ్చి పట్టుకుపోయీవోళ్ళు. అంతా బాగున్నాదనుకో, కానీ దానికి కడుపు నిలబడదు. మొదటిది మూడో నెల్లో పోయింది. రెండోది నాలుగో నెల. మూడోది ఆరో నెల్లో పోయింది, మగ గుంటడు, సేతి ఏళ్ళకి గోళ్ళు గూడా వొచ్చీసినాయంట. పైడమ్మ ఆ గోళ్ళు సూసింది. సూసి, పదో రోజుకి మళ్ళీ ఆ పొయ్యి కాడే కూకుని పొయ్యి ఊది సీసం కరిగించింది. ఏటి సేత్తాది మరి, సీజను. అప్పటికే దానికి కడుపులో మెలి తిప్పీది, సెయ్యి పైకెత్తితే మణికట్టు వాలిపోయీది. మనాదిలే అనుకునీది. అత్త బంగారమ్మ ఊరుకునీ మనిషి కాదు. "ఒలే పైడీ, నీది కడుపు కాదే, ఇసక. ఏది పోసినా ఇంకిపోతంది" అనీది. వాకిట్లో నించుని, పదిమందీ ఇనీలాగ అనీది. ఆకరికి ఒకరోజు ఎల్లాజీ తలొంచుకుని వొచ్చి, నానేటి సేసీది పైడీ, అమ్మ ఊరుకోదు, నువ్వూ ఇక్కడే ఉందువు, నిన్నేటి పొమ్మన్నానా అన్నాడంట. పైడమ్మ ఒక్క మాట అడిగింది. "పిల్ల ఎవలు మావా?" అంతే.

రెండో పెళ్ళాంగా వొచ్చిన పిల్ల పేరు సింగారి. పందొమ్మిదేళ్ళుంటాయేమో. సక్కటి పిల్ల, మాట మెత్తన. కనబోయీదానిదే పొయ్యి అనీసి బంగారమ్మ పైడమ్మని ఎనకాల పాకలోకి తోలీసింది. అయినా పని నేర్పడానికి పైడమ్మే గావాల. ఎల్లి నేర్పింది. ఆ పిల్ల సెయ్యి పట్టుకుని, ఇదిగో ఇంత సెగ, ఇదిగో ఇప్పుడు ముంచు, ఇప్పుడు తియ్యి అనీసి నెల్లాళ్ళు నేర్పింది. మొదటిసారి మచ్చ లేకుండా ఆకుపచ్చ తలకాయొకటి వొచ్చినప్పుడు ఇద్దరూ దాన్ని ఎండలో పట్టుకుని నవ్వుకున్నారంట. ఆనక పైడమ్మ తట్ట పట్టుకుని ఒడ్డున ఎండు సేపల పనికెల్లిపోయింది. ఏడాది తిరిగీసరికి దాని కడుపులో మెలి పోయింది, మణికట్టు నిలబడింది. సముద్రం గాలి పడిందనుకుంది. ఇక్కడ సింగారికి నాలుగో నెల్లో కడుపు పోయింది. ఇంకేటుంది, బంగారమ్మ వీధిలోకొచ్చి జుట్టు ఇప్పుకుని, ఆ గొడ్డుది సిల్లంగి పెట్టింది, నా ఇంటి మీద సేతబడి సేసింది అని అరిసింది. పైడమ్మ సేపలు తిరగేస్తా ఆ మాటలు ఇన్నాది.

మళ్ళీ సింగారి నీళ్ళోసుకుంది. ఆ నెల్లోనే బడికాడ డాక్టర్ల క్యాంపు పెట్టినారు. సింగారి వరసలో ముందుంది, పైడమ్మ కళ్ళు సూపించుకుందామని నలుగురి ఎనకుంది. డాక్టరమ్మ సింగారి నోరు తెరిపించి, సిగుళ్ళు సూసి ఆగిపోయింది. సిగుళ్ళంట నీలపు గీతుందంట, సిరా పెట్టి గీసినట్టు. "ఏం పని చేస్తావమ్మా?" అంది. గాలాలు సేత్తానండి, సీసం కరిగించి అంది సింగారి. "ఇంట్లోనా? ఆ పొగ, ఆ బూడిద ఒంట్లోకి పోతే కడుపు నిలవదమ్మా. నిలిచినా బిడ్డ మెదడుకి దెబ్బ. ఈ రోజు నుంచి ఆ పొయ్యి దగ్గరికి పోకు, ఎవరేం చెప్పినా పోకు" అంది. ఎనకనున్న పైడమ్మ అదంతా ఇన్నాది. ఇనండర్రా, గోల సెయ్యకండి. పోయిన ముగ్గుర్నీ తలుసుకుందంట, ఆ గోళ్ళు తలుసుకుంది. దాని తరవాత వొచ్చింది అసలు మాట. సింగారి సెయ్యి పట్టుకుని నేర్పింది నానే గదా అనీసి.

కళ్ళు సూపించుకోకుండానే ఇంటికొచ్చి సెప్పీసింది. అత్తా, సిల్లంగీ లేదు ఏటీ లేదు, సీసం పొగే, డాక్టరమ్మ సెప్పింది అంది. బంగారమ్మ నవ్వింది. "ఏడుపు బయటపడిందర్రా! మా అయ్య వల గుండ్లకి సీసం పోసీవోడు. మాం ఏడుగురం పుట్టలేదేటి?" అంది. ఎల్లాజీ ఎటూ తేల్చలేదు. ఈ సీజను గడవనీ, షాపోళ్ళకి మాటిచ్చీసినాను అన్నాడు. అప్పుడు పైడమ్మ లోపలికెల్లి, పొయ్యి మీదున్న మూకుడు గుడ్డతో పట్టుకుని, కరిగిన సీసం ఇసకలో బోర్లించింది. అచ్చులన్నీ గడపకేసి బద్దలు కొట్టింది. ఎల్లాజీ తెడ్డట్టుకున్నాడు. పట్టపగలు, వాడంతా సూస్తండగా కొట్టినాడు. ఒక్కలు అడ్డెల్లలేదు. నానూ అక్కడే ఉన్నాను. సింగారి గడపలో నించుని సూసింది. మూడో రోజుకి కొత్త అచ్చులు ఆ పిల్లే సేసింది. డాక్టరమ్మ మాటకి ముక్కుకి పైట సుట్టుకుంది, అదొక్కటే.

ఈపాలి కడుపు నిలబడింది. ఆడపిల్ల పుట్టింది. బంగారమ్మ వాడంతా బెల్లం పంచింది, పైడమ్మ పాక ముందాగి ఒక ముక్క గడప మీద ఇసిరింది గూడా. ఏడాదయింది, పిల్లకి మెడ నిలవలేదు. రెండేళ్ళయింది, పేరెట్టి పిలిస్తే తిరగదు. సముద్రం కేసి సూస్తంది, అది సముద్రమని సూడదు. ఒకరోజు పొద్దున్న సింగారి ఆ పిల్లని సంకనేసుకుని సేపలారేసిన కాడికొచ్చింది. "అప్పా, నువ్వు సెప్పిన్నాడు నాను నమ్మినాను. నమ్మి గూడా ఆ పొయ్యి ఊదినాను. ఊదకపోతే నీలాగే నన్నూ బయట కూకోబెడతారనీసి ఊదినాను" అంది. పైడమ్మ సేతిలో సేప కింద పెట్టింది. ఆనక, "పిల్లనిటియ్యి. ఎండ తగుల్తంది" అంది. ఆ రోజునుంచీ ఆ పాకలో ఇద్దరూ, ఆ పిల్లాను. ఒకలు తట్ట మోస్తే ఒకలు పిల్లని మోస్తారు.

ఇంక పొయ్యి సల్లారిందనుకుంటన్నారేటి? ఎల్లాజీకి మూడో సమ్మందం సూసినారు, నాలుగు మైళ్ళవతల ఊరు. పైడమ్మ ఎండలో నడిసెల్లి, ఆ పిల్ల తల్లి కాళ్ళు పట్టుకుని సెప్పిందంట. మొదటి పెళ్ళాం ఏడుపు ఇలాగే ఉంటదని ఆళ్ళు గెంటీసినారు. పెళ్ళి మొన్ననే అయిపోయింది. వంజరం పులుసు బాగా పెట్టినారు, మనమంతా ఎల్లి తినొచ్చినాం గదా. ఆ కొత్త పిల్ల వడ్డిస్తా మన ఇస్తరాకుల ముందునుంచే ఎల్లింది. మీలో ఎవలైనా దానికొక మాట సెప్పినారేటి? నానూ సెప్పలేదు. ఇంకో ముక్క ఎయ్యమన్నాను.