తెల్లోడికి నోరు తిరగని మాట

గనిలోకి దిగే షాఫ్టు గోడ అవతల మూడు రోజులుగా సినిమా తీస్తున్నారు. ఇవతల కొళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. బిందె పెట్టిన చిన్నామె అక్కణ్ణుంచి కేక వినబడ్డప్పుడల్లా గోడ వైపు తిరుగుతోంది. ఆమె మొగుడు పొద్దుటి షిఫ్టుకి ఆ గనిలోకే దిగి ఉన్నాడు.

“మళ్ళా అరుస్తా ఉండాడక్కా.”

“ఆ ఇంగ్లండు పిల్లోడే గదా పాపా! మొన్నటిదాకా వాళ్ళ దేశంలో స్టేజీ నాటకాలు వేస్తా ఉన్నాడంట. సినిమాకి ఇదే మొదలు. గనిలోనుంచి పరిగెత్తుకొచ్చి, ‘రాళ్ళు పడినాయి’ అని మన మాటలో అరవల్ల. అంతే వాడి వేషం.”

“ఆ మాట వింటేనే నాకు కాళ్ళూ చేతులూ ఆడవక్కా.”

“నాకైతే నవ్వొస్తాది. ఎంత నేర్పినా ‘రాల్లు, రాల్లు’ అంటాడే గానీ నోరు తిరగదు. నిన్న మీ ఆయన గూడా నేర్పించినాడంట గదా?”

“నేర్పించి, నేర్పించి, ఈ జన్మలో వానికి రాదని నవ్వుకుంటా ఇంటికొచ్చినాడు.”

గోడ అవతల ఇంకో కేక లేచింది.

“రాళ్ళు పడినాయి!”

“అబ్బ! చూడు పాపా, ఇంగ ఇప్పటికి సరిగ్గా పలికినాడు!”

చిన్నామె అప్పటికే బిందె వదిలేసింది.

“అది తెల్లోడు కాదక్కా.”