విధవ వేషం

రాజోలు దగ్గర ఒక పాత లోగిలి. తెల్లదొరల కాలం నాటి కథతో టీవీ సీరియల్ తీస్తున్నారు. వెనక వసారాలో ముగ్గురు ఆడవాళ్ళు: వేషం వేసుకోవలసిన దుర్గాభవాని, ఆమె అత్తగారు చిన్నమ్మలు, బట్టలూ మేకప్పూ చూసే పుష్పలత.

"బొట్టొక్కటే అన్నారు కదండీ నిన్న. బొట్టు చెరిపేస్తే చాలన్నారు."

"నిన్న అన్నారండి. ఇవాళ డైరెక్టరుగారు మెళ్ళో కూడా ఏమీ ఉండకూడదంటున్నారు. మొహం దగ్గరగా తీస్తారంట."

"మెళ్ళో అంటే?"

"మెళ్ళో అంటే... మెళ్ళోదేనండి."

"పుష్పలతగారూ, మీకు తెలిసే అంటున్నారా?"

"నేనన్నానా అండి? వాళ్ళన్నది మీకు చెప్తున్నాను. వాళ్ళు నాకు చెప్తారు, నేను మీకు చెప్పాలి. తిట్లు మాత్రం రెండు వైపులా నాకే."

"పసుపుతాడు రవికెలోకి తోసేసుకుంటాను. కనపడదు."

"రవికె లేదండి."

"లేదా?"

"ఆ రోజుల్లో మొగుడు పోయినావిడకి రవికెక్కడిదండి? తెల్లచీర ఒక్కటే ఒంటికి చుట్టేసి భుజాల మీంచి కప్పుతాం. మెడంతా కనపడిపోతుంది. ఇదిగోండి చీర. పాతదానిలా ఉండాలని టీ నీళ్ళల్లో ముంచి ఆరేసేం."

"కంప్యూటర్లో చెరిపేస్తారంట కదండీ ఏమన్నా కనపడకూడనివి ఉంటే? ఇదీ చెరిపెయ్యమనండి."

"కరెంటు స్తంభాలు చెరపడానికే వాళ్ళకి చాలట్లేదండి. ఎటు కెమెరా పెట్టినా ఓ స్తంభం. నిన్న దొరగారి తల వెనకాల డిష్షు పడిపోయిందని మొత్తం మళ్ళీ తీసేరు."

"అయితే నేనెయ్యను. ఇంకెవరినన్నా పెట్టుకోమనండి."

"ఎవర్ని పెడతారండి? మొన్న మీ మొగుడి వేషం వేసినాయనకి హారతిచ్చి పంపింది మీరు. మీ మొహం కెమెరాలో పడిపోయింది. హారతిచ్చినావిడే ఏడవాలి కదండి."

"నాకు హారతివ్వాలనే చెప్పేరు. ఆయన్ని కాల్చేస్తారని చెప్పలేదు."

"అది వాళ్ళకీ తెలీదండి. నీటి తీరువ కట్టనన్నాడని జైల్లో పెట్టి వదిలేద్దామనే అనుకున్నారు. నిన్న కూర్చుని చంపేద్దామనుకున్నారు. చంపితే కథ ఇంకో నెల నడుస్తుందంట."

"వెళ్ళిపోతాను నేను. గేటు తియ్యమనండి."

"గేటుకడ్డంగా జనరేటరు వ్యాను పెట్టేరండి. షూటింగయ్యేదాకా కదపరు."

"పెరటి వైపు నుంచి పోతాను."

"పెరట్లో దొరగారి గుర్రాన్ని కట్టేసేరండి. కరుస్తుంది. నిన్న లైట్లాయన్ని కరిచింది."

"పోనీ నా ఫోనన్నా ఇప్పించండి. మా ఆయనకి ఒక్క మాట చెప్పి..."

"ఫోన్లన్నీ గదిలో పెట్టి తాళమేసేరు కదండీ. ఎవరో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేసేరని గొడవైంది. అయినా మస్కట్లో ఇప్పుడు డ్యూటీ టైము కాదాండి?"

"ఎప్పుడు చేసినా డ్యూటీయే. వీడియో కాల్ చేద్దామంటే నెట్టు రాదంటారు."

"ఎత్తడులే."

"ఏంటండి అత్తయ్యగారూ?"

"పనిలో ఉంటాడు, ఎత్తడంటున్నాను."

"మామ్మగారూ, మీరొక మాట చెప్పండి మీ కోడలుగారికి. బయట నన్ను తినేస్తున్నారు."

"ఆవిడేం చెప్తారు పుష్పలతగారూ? ఆవిడ ఒప్పుకోరు. మా అత్తయ్యగారి సంగతి మీకు తెలీదు. మంగళవారం నేను గోళ్ళు తీసుకుంటే కొడుక్కి మంచిది కాదని గొడవ చేసేరు. చెప్పండి అత్తయ్యగారూ, మా కోడలు వెయ్యదని చెప్పండి."

"ఆ గుర్రం నిజంగా కరుస్తుందా అమ్మాయ్?"

"ఆయ్. కరుస్తుందండి."

"దొరని కరవదా?"

"దొర దాని దగ్గరికే వెళ్ళడండి, భయం. ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి తీస్తున్నారు, గుర్రాన్ని విడిగా తీస్తున్నారు."

"ఏ ఊరు దొర?"

"ఢిల్లీ వైపండి. జుట్టుకి రంగేసేం. పొద్దున్న పూతరేకు చేతికిస్తే, పైన కాగితం చుట్టేరనుకుని ఒలిచి పారేసి లోపల బెల్లం తిన్నాడు."

"పిచ్చి సన్నాసి."

"అత్తయ్యగారూ! నేనేం అడుగుతున్నాను, మీరేం మాట్లాడుతున్నారు?"

"వింటున్నాను."

"వింటే చెప్పండి మరి."

"ఏం చెప్పను? ఆ పిల్లని చెప్పనీ."

"నాకో ఉపాయం ఉందండి దుర్గగారూ. ఆసుపత్రిలో స్కానింగుకి మెళ్ళోది తీయించేస్తారు కదా, ఇదీ అలాగేననుకోండి. ఇదివరకొకావిడ చేసేరు. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి నడుముకి చుట్టుకున్నారు. మెళ్ళోది జాగ్రత్తగా తీసి కొంగున ముడేసుకున్నారు. సీనైపోగానే వేసేసుకున్నారు. వాళ్ళాయన నిక్షేపంలా ఉన్నాడు. మాకీ పట్టింపులు లేవు గానీ, మీవాళ్ళని చూసి నేర్చుకున్నాను. కొమ్ములు తెప్పించి ఉంచేను కూడా. నేను మాత్రం ముట్టుకోనండి. రేపేమన్నా అయితే చర్చికెళ్ళే పుష్పలత చెయ్యి పడిందంటారు."

"మీకర్థం కావట్లేదు. ఈ వేషానికి నేనెందుకొప్పుకున్నానో తెలుసా? ఆయన చూస్తారని. ఆయన గదిలో మనవాళ్ళంతా ఈ చానలే పెడతారంట, ఆయనతో పనిచేసే ప్రకాష్ ఇదివరకు ఫోన్లో చెప్పేడు. ఆయన నన్ను చూసి మూడేళ్ళైంది. పట్టుచీర కట్టుకుని, హారతిపళ్ళెం పట్టుకుని కనపడతాననుకున్నాను. మా ఆవిడే అని పక్కవాళ్ళకి చూపిస్తారనుకున్నాను. ఇప్పుడు తెల్లచీరలో కనపడమంటారా? ఆయన బతికుండగా, ఆయన కళ్ళ ముందు?"

"చూడనీ."

"ఏంటండి?"

"చూడనీ అన్నాను. కట్టుకో చీర."

"మీరేనా ఈ మాట అంటున్నది?"

"ఒప్పుకోనని నేనన్నానా? నువ్వే అన్నావు."

"మొన్న వరలక్ష్మీ వ్రతానికి దగ్గరుండి నాకు తోరం కట్టించింది మీరే కదా! కట్టించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఏంటండి అంటే పొగన్నారు."

"పొగే."

"రెండగరొత్తులకి అంత పొగా?"

"దుర్గా, తియ్యి."

"హమ్మయ్య, మామ్మగారు ఒప్పుకున్నారు. వస్తున్నామని చెప్పొస్తానండి. ఇదిగోండి పసుపుకొమ్ము, తాడు కూడా పసుపు రాసే ఉంచేను. మామ్మగారూ, దగ్గరుండి కట్టించండి."

"అదక్కర్లేదు."

"అక్కర్లేదా అండి?"

"పసుపుకొమ్మూ వద్దు, నడుముకీ వద్దు. లోపల పెట్టేసుకో."

"అదేంటండి అత్తయ్యగారూ! ఒట్టి మెడతో ఉండమంటారా? స్నానానికి కూడా తియ్యకూడదని మీరే కదా అంటారు?"

"అన్నాను. ఇప్పుడిది అంటున్నాను."

"మామ్మగారూ, నాకు భయమేస్తోందండి. అదొక్కటీ ఉండనివ్వండి. నడుముకి కదా, ఎవరికీ కనపడదు."

"నీకెందుకమ్మా భయం? నాకు తీసినరోజున వీధి వీధంతా వచ్చి చూసింది. దీనికి కెమెరా ఒక్కటే."

"అలా అనకండి మామ్మగారూ, తప్పు. మీ అబ్బాయి చల్లగా ఉండాలి."

"బయట ఏదో కేకలేస్తున్నారు, చూడు."

"నన్నేనండి. వస్తున్నాం సార్! కొంచెం ఆలస్యం! ...చెప్పేనండి. అవనివ్వండి."

"పుష్పలతగారూ, ఆగండి. మీరు కాసేపు ఎక్కడికీ వెళ్ళకండి. అత్తయ్యగారూ, మొన్న వ్రతం ముందురోజు ప్రకాష్ సెలవు మీద వచ్చేడు. నేను టీ పెట్టేలోపలే బయల్దేరిపోయేడు. మా ఆయన ఎలా ఉన్నారని అడుగుదామని గబగబా వచ్చేను. గుమ్మం దగ్గర మీతో ఏదో చెప్తూ, నన్ను చూసి ఆపేసేడు."

"కొబ్బరి రేటు అడిగేడు."

"మస్కట్ నుంచొచ్చి మిమ్మల్ని కొబ్బరి రేటు అడిగేడా?"

"అడిగేడు."

"ఆ పూట మీరన్నం తినలేదు."

"ఆకలి లేదు."

"తర్వాత ఫోనుచ్చుకుని దొడ్లోకి వెళ్ళేరు."

"మీ వదినకి చేసేను."

"కూతురికి చెయ్యడానికి దొడ్లోకెళ్ళాలా? ఎప్పుడూ వీధరుగు మీద కూర్చుని ఊరంతా వినేలాగ మాట్లాడతారు. అక్కడ ఏడ్చేరు మీరు. నేను విన్నాను."

"విని ఊరుకున్నావా?"

"అడిగితే చెప్తారేమోనని భయమేసింది."

"అయితే ఇప్పుడూ అడక్కు. తియ్యి."

"అడుగుతాను. ఎందుకడగను? ఎటూ పోవడానికి లేదు కదా, మీకూ లేదు, నాకూ లేదు. ఆయనకేమైంది? పనిలో ఏమన్నా పడ్డారా?"

"ఏం పడలేదు."

"నా మొహం చూసి చెప్పండి. ఆయన పోయేరా?"

"అయ్యో ప్రభువా! ఏం మాటలండి దుర్గగారూ అవి!"

"మీరుండండి. అందుకేనా పసుపుకొమ్ము వద్దన్నారు? అందుకేనా ఇక్కడ తీయిస్తున్నారు, అందరూ వేషం అనుకునేచోట? ఇంటికెళ్ళేక మళ్ళీ వేసుకోవడం ఉండదని మీకు తెలుసు. చెప్పకుండానే పని కానిచ్చేద్దామనుకున్నారు."

"అరవకు."

"అరుస్తాను! మీ కన్నకొడుకు కదా, ఎలా కూర్చున్నారు అలా రాయిలాగ? పూతరేకుల కబుర్లాడుకుంటూ!"

"దుర్గగారూ, బయట వాళ్ళకి వినపడుతోందండి. బాగా ఏడుస్తున్నారంట, అలాగే పట్టుకు రమ్మంటున్నారు."

"రమ్మంటారు, ఎందుకు రమ్మనరు! చెప్పండి అత్తయ్యగారూ. ఒక్క మాట చెప్పండి. ఆయన ఉన్నారా, లేరా?"

"ఉన్నాడు. మస్కట్లోనే ఉన్నాడు. పెళ్ళాంతో ఉన్నాడు, పిల్లాడితో ఉన్నాడు. పుష్పలతా, ఆ కత్తెర ఇలా ఇయ్యి."