గుడ్డ కట్టిన సొరకాయ

మందులు కొట్టకుండా పండించిన కూరగాయలను మాలూరులో కొనేవాళ్ళకు వారం వారం పంపే బుట్ట, ఈసారి గౌరమ్మ మొగుడే సర్ది పొద్దున బస్సుకు వేశాడు. సాయంత్రం తోటకు నీళ్ళు పెట్టబోయిన గౌరమ్మ మండిపడుతూ తిరిగొచ్చింది.

"గుడ్డ కట్టిన సొరకాయ యాడయ్యా?"

"కోసి పంపిస్తిని. ఈ ఎండకి వంకాయలు పిడికెడే వచ్చినాయి, బుట్ట నిండలేదు."

"విత్తనానికి ముదరనీమని గుడ్డ కట్టినాను కదా."

"దిష్టికి కట్టినావనుకుంటిని."

"మా అమ్మ ఇచ్చిన జాతి అది. తీగంతా మాడిపోయినా ఆ ఒక్క కాయ నిలిచింది. ఇంట్లో ఒక్క గింజ లేదు."

"గింజలేమన్నా మిగిలుంటే తీసి పెట్టమని మాలూరోళ్ళకి చెప్దునా?"

"లేతకాయలో గింజ యాడుంటాది?"

ఆయన మెల్లగా అన్నాడు.

"మధ్యాన్నమే బుట్ట తీసుకునే ఆయమ్మ ఫోన్ చేసింది. కూర వెన్న మాదిరి ఉండాదంట. వారం వారం అదే పంపమనింది."