చివరి బెంచీ నుంచి

బోధన మెరుగుపడాలని ఆ కాలేజీలో ఒకరి పాఠం ఇంకొకరు వెనక కూర్చుని వింటారు. ఈసారి ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్న లెక్కల మాస్టారి వంతు. విన్నది ఆయన పాత శిష్యురాలే, ఇప్పుడు తోటి లెక్చరర్.

“మొహమాటపడకమ్మా, ఏం రాశావో చెప్పు.”

“పాఠానికి వంక పెట్టలేం సార్. కాకపోతే పదకొండు ప్రశ్నలడిగారు. పదకొండింటికీ మీరే జవాబు చెప్పేశారు.”

“ఎవరూ నోరు మెదపరు. వాళ్ళకోసం ఆగుతూ కూర్చుంటే సిలబస్ గట్టెక్కేదెప్పుడు?”

“రెండు సెకన్లు కూడా ఆగలేదు సార్. చివరి బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తబోయి దించేసుకుంది, రెండుసార్లు.”

“నాకు కనబడనేలేదే!”

“అప్పుడూ కనబడలేదు సార్.”

“ఎప్పుడు?”

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఈసారి మాస్టారు ఆగారు.

“నేను మీ క్లాసులో, అదే బెంచీలో కూర్చున్న మూడేళ్ళూ.”