అంజిర మానిన నలభై ఒక్క రోజులు

ఆ ఫోను నా మొకం ముందర పెట్టకు బిడ్డా. పక్కకు పెట్టు. అట్ల కాదు, బోర్ల పెట్టు. ఆఁ, ఇప్పుడు అడుగు. ఏందీ, పండ్లకు పట్టిచ్చే పొగాకు పొడి, మిస్రీ, ఎప్పుడు మానినవనా? నేను మానిన అని నీకెవరు చెప్పిన్రు? దవాఖాన కాయితంల ఉన్నదా? నా పండ్ల సంగతి కాయితంల ఎందుకుండాలె? పోయినేడు గిట్లనే ఒకామె వచ్చి, మరుగుదొడ్డి ఉన్నదా అవ్వా అని అడిగి, నన్ను గోడకు నిలవెట్టి ఫోటో తీస్కపోయింది. మరుగుదొడ్డి రాలే. ఫోటో ఏడికి పోయిందో ఇప్పటిదాక తెల్వదు. నువ్వు అసొంటిదానివి కాదులే, మన ఊరి పిల్లవే, గజరాబాయి మనుమరాలివి. అందుకే జెర ఎక్కువ భయం. నవ్వుతవేందే శుభాంగీ? మీ నానమ్మ చెవుల పడ్డ మాట పొద్దు గుంకేటాలకు మిరజ్ పట్నం దాక పోయేది. పోయినామె, మట్టిల కలిసింది, తిట్టొద్దు. కానీ ఈ ముచ్చట్ల ఆమె కూడ వస్తది, ముందే చెప్తున్న, మల్ల నువ్వు మొకం మాడ్చుకోవద్దు.

మానుడు, మానుడు అని రాసుకుంటున్నవ్ గని, మానిన అన్నోళ్లను నేను నమ్మ. ఎందుకు నమ్మనంటే మా ఆయన వల్ల. ఆయన పంఢరపురం కాలినడకన పోయి మెడల తులసి మాల ఏసుకొని వచ్చిండు. మాల ఏసుకుంటే కౌసు, మాంసం బంద్, కల్లు బంద్, బీడీ కూడ బంద్ అన్నడు. మా అత్త ఊరంత చెప్పుకున్నది, నా కొడుకు దేవుని మనిషైండని. నాకు ఎందుకో పానం ఒప్పలే. దేవుని మనిషి రోజూ చెరకు తోటల నుంచి జామాకు నముల్కుంట వచ్చుడేంది? ఒకనాడు ఎనకనే పోయిన. మోట బాయి గట్టు సందుల చెయ్యి పెడితే బీడీ కట్ట, అగ్గిపెట్టె, దాని మీద మాల తీసి పెట్టిండు, పొగ తగలొద్దని! 'ఏందయ్యా ఇది' అంటే, 'మాల మెడల లేనప్పుడు తాగితే తప్పు లేదే' అన్నడు. ఆనాటి నుంచి నాకు ఒకటే బుద్ధి. ఎవరన్న మానిన అంటే ముందు వాళ్ల మూట విప్పి చూడాలె. ఆ బుద్ధే నన్ను ముంచింది. ఆగు, రాయకు. చెప్త.

అంజిర అంటే మా మరిది పెండ్లాం. నాకు యారాలు. నీకు తెల్వదు, నువ్వు పుట్టకముందే పోయింది. పదహారేండ్లకు వచ్చింది మా ఇంటికి, ఇంత సన్నగ, పెద్ద కండ్లు, నడిస్తే కాలి మట్టెల చప్పుడు కూడ రాకపోయేది. గట్ల నడిచేటోళ్లను చూస్తే నాకు అనుమానమే. వచ్చిన నెలకే పన్ను నొప్పి లేచింది దానికి. రాత్రంత ఏడ్చింది. తెల్లారి నేనే పెనం మీద పొగాకు మాడ్చి, మెత్తగ నూరి, నా వేలితోని దాని పన్నుకు రాసిన. తల తిరిగి నా ఒడిల పడ్డది. 'అక్కా, ఇల్లు తిరుగుతున్నది' అన్నది. 'నాలుగు రోజులైతే ఆగుతదిలే' అన్న. ఆగింది. ఇగ అప్పటి నుంచి పొద్దుగాల ఇద్దరం ఎనక మెట్ల మీద కూసుంటిమి, పండ్ల మీద వేలు పెట్టుకొని. మీ నానమ్మ గోడ దుంకి వచ్చేది, ఇంక ఇద్దరు ముగ్గురు వచ్చేటోళ్లు. మిస్రీ పట్టిస్తెనే కడుపు కదులుతది అనుకునేటోళ్లం అప్పుడు. ఊరి పంచాయతీ అంత ఆ మెట్ల మీదనే తెగేది. నా చేతి మిస్రీకి పేరుండె. పచ్చి వాసన రాదు, బూడిద కాదు. నేను అరచెయ్యి చాపితే అందరు చిటికెడు చిటికెడు తీసుకునేటోళ్లు. నువ్వు ఈ కాలపు పిల్లవు, నీకు తెల్వదు గని, ఒక ఆడదాని అరచేతిల నుంచి ఇన్నేండ్లు తీసుకొని, ఒకనాడు వద్దన్నవంటే దానికి ఒకటే అర్థముండె మన దిక్కు. ఈమె చెయ్యి మంచిది కాదు, ఈమె ఏదో కలుపుతున్నది, చేతబడి చేస్తున్నది అని. నోటితోని ఎవరు అనరు. చిటికెడు తీసుకోరు, గంతే. మా చిన్నప్పుడు ఒక ముసలామెను గట్లనే ఊరవతల పెట్టిన్రు. ఆమె ఇంటి నీళ్లు కుక్క కూడ తాగొద్దని కుండ పలగ్గొట్టిన్రు.

నాకు ముగ్గురు ఆడపిల్లలు. అంజిరకు మొదటి కాన్పుల్నే కొడుకు. రెండోది ఎనిమిదో నెలల కడుపుల్నే పోయింది, అదీ మగపిల్లగాడే. తల్లిగారు మిరజ్ పెద్ద దవాఖానకు తీస్కపోయిన్రు. నేను పోలే, ఇంటికాడ చెరకు కొట్టుడు నడుస్తుండె. ఇగ చూడు ఎట్ల కూడిందో. నాకు కొడుకు లేకపాయె, దానికి కడుపుల ఉన్నది పాయె, దవాఖాన నుంచి వచ్చిన నెల లోపల్నే ఒక పొద్దుగాల నేను చెయ్యి చాపితే, 'వద్దక్కా' అన్నది. 'ఎందుకే?' 'నోరు బాగలేదు.' తెల్లారి, 'వద్దక్కా.' 'ఇంక నోరు బాగుకాలేదా?' 'మానేసిన అక్కా.' మెల్లగ అన్నది, నా దిక్కు చూడలే. మెట్ల మీద అందరు వేళ్లు పండ్ల మీద అట్లనే పెట్టుకొని నన్నే చూస్తున్నరు. మీ నానమ్మ ఉమ్మేసి వచ్చి, నవ్వుకుంట, 'ఏమే యెసూ, నీ యారాలు నీ చెయ్యి ముడుతలేదేందే?' అన్నది. నవ్వుకుంటనే అన్నది బిడ్డా. నాకు అర్థమైంది, ఈ మాట ఈడ ఆగది, నా కుండ పలిగేదాక ఆగది అని. ఆ నాడే అడగాల్సి ఉండె దాన్ని, నీకేమైందే అని. అడగలే. అడిగితే అవునంటదేమో అని భయమైంది.

ఇగ అప్పటి నుంచి దాన్ని కనిపెట్టుడే నా పని. అది దిక్కు తోచకుండ అయింది, చూస్తనే ఉన్న. రొట్టె పెనం మీద మరిచిపోయేది. పిల్లగాన్ని ఊకనే కొట్టి, మల్ల కూసోని ఏడ్చేది. తలకు గుడ్డ బిగించి కట్టుకునేది. రెండు రోజులకోసారి గని చెంబు పట్టుకొని పోకపోయేది. ఇప్పుడు నువ్వు అంటున్నవ్ గద, మానితే గట్లనే అయితదని. అప్పుడు నాకెవరు చెప్పిన్రు? నాకు వేరే కనపడ్డది. నేను పొగాకు మాడుస్తుంటే అది కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని పిల్లగాన్ని చంకనేసుకొని బర్ల కొట్టంలకు ఉరికేది. నేను పొగ ఏసి దాని వంశాన్ని చంపుతున్నట్టు! రెండుసార్లు మిరజ్ పోయి వచ్చింది, తల్లి తోని. ఎందుకు పోయినవే అంటే, ఏం లేదక్కా అన్నది. మంత్రగాని దగ్గరికే పోయిందనుకున్న. నిమ్మకాయ తెచ్చిందేమో అని దాని సంచి ఎతికిన. ఏం దొరకలే. దొరకకపోతే ఇంక అనుమానం. మా అత్తతోని అడిగిచ్చిన, 'అంజిరా, ఎందుకు మానినవే?' అని. 'ఊకనే అత్తమ్మా' అన్నది. ఊకనే ఎవరన్న మానుతరా? మా ఆయన దేవుని పేరు మీదనే మానలేకపాయె!

అట్లుంటే, ఒకనాడు బర్ల కొట్టంల పేడ తీయబోతే, అది మూలకు కూసోని, గోడ దిక్కు తిరిగి, పండ్లు రుద్దుకుంటున్నది. వేలు నల్లగ. నన్ను చూసి గభాల్న చిన్న డబ్బా కొంగుల దోపుకున్నది. నా సంబురం ఏం చెప్పాలె బిడ్డా! దొరికింది దొంగ. అంటే మానలే, నా చేతిదే మానింది. తెల్లారి మెట్ల మీద అందరు కూసున్నంక, దాని కొంగు గుంజి డబ్బా లాగి ఎత్తి పట్టుకున్న. 'చూడుండ్రి, మానిందట ఈ పతివ్రత!' అని అరిచిన. గోడ అవతలోళ్లు కూడ లేచి చూసిన్రు. మీ నానమ్మ డబ్బా తీసుకొని వాసన చూసింది. మల్ల చూసింది. వేలికి అంటించుకొని నాలుక మీద పెట్టుకున్నది. 'ఇది మిస్రీ కాదే' అన్నది. అంజిర తల వంచుకొని, 'చింతగింజల బొగ్గక్కా. వేలు ఊకుంటలేదు, అందుకే' అన్నది. ఎవ్వరు నవ్వలే. అప్పుడన్న నేను నోరు మూసుకుంటే అయిపోవు. కానీ మీ నానమ్మ ఊకుంటదా? 'అయితే దీనికి మిస్రీ మీద మనసు పోలే, బొగ్గు తినుకుంట కూసున్నది. ఎవరి చెయ్యి మీద పోయిందో మనసు!' అన్నది. ఒకామె తన అరచేతిలది మెల్లగ కింద దులిపింది. అది నేను పెట్టిన మిస్రీ. నా కండ్ల ముందరనే దులిపింది.

నాకు ఆ ముసలామె కుండ కనపడ్డది. చెయ్యి చాపిన. 'అంజిరా, నా మీద అనుమానం లేకుంటే తీసుకో. ఇప్పుడే, అందరి ముందర' అన్న. అది నా అరచేతి దిక్కు చూసింది. మల్ల నా మొకం దిక్కు చూసింది, చాన సేపు. అందరి దిక్కు చూసింది. అప్పటికి మానబట్టి నలభై ఒక్క రోజులు. నాకెట్ల తెలుసంటే, తర్వాత తెలిసింది, చెప్త. ఇగ చిటికెడు తీసుకున్నది. నిండ తీసుకున్నది, అందరికి కనపడేటట్టు. పండ్లకు పట్టించింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నవ్వింది. 'మా అక్క చేతిది మా అక్క చేతిదే' అన్నది, గోడ అవతలికి వినపడేటట్టు. కింద దులిపినామె మల్ల చెయ్యి చాపింది నా ముందర. నేను గెలిచిన. ఆ నాడు నేను రొట్టె మీద వెన్న పెట్టుకొని తిన్న, అబద్ధం ఎందుకు చెప్పాలె.

ఇగ మల్ల అది మానలే. నేనెన్నడు అడగలే కూడ. తొమ్మిదేండ్లకు దవడ లోపట పుండు లేచింది. పసుపు పెట్టినం, నెయ్యి పెట్టినం, మానలే. మిరజ్ తీస్కపోయినం, ఈసారి నేనే తోడు పోయిన. ఆడ ఒక ముసలి నర్సమ్మ, కేరళ ఆమె, దాని నోట్ల దీపం పెట్టి చూసి, 'నువ్వా?' అన్నది. గుర్తు పట్టింది! నా దిక్కు తిరిగి చెప్పవట్టింది. 'పిల్లగాడు పోయినప్పుడు నేనే చెప్పిన, కడుపుల పిల్లకు ఇది మంచిది కాదు, నీ దవడల తెల్లమచ్చ కూడ ఉన్నది, మానెయ్యి అని. మానింది. రెండుసార్లు వచ్చి నోరు తెరిచి చూపిచ్చింది, వేళ్ల మీద రోజులు లెక్కవెట్టి. నాకెంత సంతోషమో. నీకు నేర్పినోళ్లకు కూడ చెప్పు, వాళ్లు కూడ మానుతరు అంటే, వద్దు నర్సమ్మా, నా బిడ్డ దీనితోని పోయిండని తెలిస్తే మా అక్క బతకది అన్నది. నలభై ఒకటో నాడు వస్తనన్నది, రాలే.' ఆ నలభై ఒకటో నాడే నేను మెట్ల మీద చెయ్యి చాపింది. గట్ల చెప్పి, నర్సమ్మ దాని గదువ పట్టుకొని, 'నలభై రోజులు మానినదానివి, మల్ల ఎవరు పెట్టిన్రే నీకు?' అని అడిగింది. నేను ఆడనే నిలవడి ఉన్న బిడ్డా, మంచం పట్టె పట్టుకొని. అంజిరకు నోరు తిరుగుతలేదు. నా దిక్కు చూడనన్న చూడలే. చెయ్యి తీసి తన రొమ్ము మీదనే పెట్టుకున్నది, 'నేనే పెట్టుకున్న' అన్నట్టు.

నాలుగు నెలలకు పోయింది. నేను ఆ మంచం కాడ్నే మానిన. ఎట్ల మానినవ్, ఏం కష్టమైంది, తల నొచ్చిందా అని అడుగుతున్నవ్. నొయ్యలే. ఏం కాలే. అది నలభై ఒక్క రోజులు పడ్డ కష్టంల నాకు ఒక్క పూటన్న రాలే, అదే నాకు ఇప్పటికి అనుమానం, దేవుడు నన్ను ఎందుకు గింత తేలికగ ఇడిసిండని. ఒక్కోసారి ఏమనిపిస్తదంటే, అది నన్ను నిజంగనే అనుమానించి ఉంటే బాగుండు. నా చేతిల మందున్నదని నమ్మి, ముట్టకపోయి ఉంటే… అగో, ఆ మబ్బు చూడే, నల్లగ వస్తున్నది. మిద్దె మీద జొన్నలు ఆరబోసిన. కూసున్నవేంది, లే, ఆ గంప అందుకో.